తమ్ముడి కిల్టు: గుడ్డ ఎనిమిది గజాలు, పేచీ ఒక్క అంగుళం

ఫిబ్రవరి, మొదటి శనివారం: కొలతలు

జూన్‌లో తమ్ముడి సహోద్యోగి పెళ్ళి. పెళ్ళికొడుకు పక్కన నిలబడే నలుగురిలో మావాడు ఒకడు. ఆ నలుగురికీ కిల్టు, అంటే స్కాట్లండ్ మగవాళ్ళు నడుము నుంచి మోకాళ్ళ దాకా కట్టుకునే, వెనక కుచ్చిళ్ళున్న గళ్ళ ఉన్ని గుడ్డ, తప్పనిసరి. ఎడిన్‌బరోలో కిల్టు అద్దెకు దొరకడం కష్టమేమీ కాదు, ఇక్కడి మగవాళ్ళు చాలామంది పెళ్ళిళ్ళకు అద్దెకే తెచ్చుకుంటారు. మావాడూ వెళ్ళి ఒకటి కట్టుకుని చూసి, అద్దం ముందు తీసుకున్న ఫోటో పంపాడు. నడుంపట్టీ బొడ్డు కింద ఎక్కడో ఉంది. కింది అంచు మోకాలిచిప్పను పూర్తిగా మింగేసింది. వెనక కుచ్చిళ్ళు సీటు (పిరుదుల) దగ్గరే విచ్చుకుపోయాయి. కింద ఒక ప్రశ్న: “బాగుందా అక్కా?”

బాగాలేదు. పొడవు ఎక్కువైందని వాడి అభిప్రాయం. ఆ ఫోటోలో పొడవుకు వచ్చిన ఇబ్బంది ఏమీ లేదని నా అభిప్రాయం. నడుము తప్పు చోట ఉంది, సీటు బిగుతుగా ఉంది, ఆ రెండింటి పాపం కింది అంచు మోస్తోంది. ఇదే సంగతి వాదించబోయి చివరికి “నేనే కుట్టి ఇస్తాను, ఉండు” అనేశాను. బ్లౌజులూ లంగాలూ కుట్టడం నాకు అలవాటే. మందపాటి ఉన్నితో, మిషను తొక్కకుండా అంతా చేత్తోనే కుట్టే పని మాత్రం ఇదే మొదలు. మా వీధి చివర ఒక పెద్దావిడ ఉన్నారు, ఉద్యోగం చేసినన్నాళ్ళూ కిల్టులే కుట్టారు. వారానికి ఒకసారి వచ్చి చూపిస్తే తప్పులు పట్టి చెబుతానని మాట ఇచ్చారు. ఈ డైరీ ఆవిడ చెప్పినవి మరిచిపోకుండా ఉండటానికే ముఖ్యంగా.

కొలతలు నాలుగు: నడుము, సీటు, నడుము నుంచి సీటు వరకు దిగుడు, మొత్తం పొడవు. మొదటి దానితోనే పేచీ. “నడుము 34, జీన్సు మీదే రాసి ఉంది కదా” అన్నాడు. జీన్సు నడుము తుంటి ఎముక మీద కూర్చుంటుంది. కిల్టు నడుము బొడ్డు దగ్గర, కొంచెం పైన కూడా. లుంగీ కట్టే చోటు కాదు, పొట్ట ఉన్న చోటు. చొక్కా తీయించి, పలుచని బనియను మీద బొడ్డు ఎత్తున టేపు చుట్టగానే ఊపిరి లోపలికి లాగి నిలబడ్డాడు. ఆఫీసులో కొత్త మేనేజరు ఎలా ఉన్నాడని అడిగాను. రెండు నిమిషాలు ఏకధాటిగా చెప్పాడు. ఆ మాటల మధ్యలో టేపు చూస్తే 36.

సీటు కొలిచేటప్పుడు జేబులు ఖాళీ చేయించడం కాదు, ప్యాంటే తీయించాలి. లోపల ఏముంటుందన్న జగత్ప్రసిద్ధమైన ప్రశ్న ఈ డైరీ పరిధిలోకి రాదు. కొలతల రోజున మాత్రం నిక్కరు ఉంది. పక్క నుంచి చూసి, వెనకభాగం అన్నిటికంటే బయటికి వచ్చిన చోట టేపు నేలకు సమంగా తిప్పాలి. వెనక కొంచెం కిందికి జారినా అంగుళం తేడా వస్తుంది. 40 వచ్చింది. నడుము నుంచి ఆ గీత వరకు పక్కన కొలిస్తే దాదాపు 8.

పొడవు రెండు రకాలుగా తీశాను. నిటారుగా నిలబెట్టి బొడ్డు ఎత్తు నుంచి మోకాలిచిప్ప నడుమ వరకు: 24. తర్వాత మోకాళ్ళ మీద నిలబెట్టి, తొడలు నిటారుగా ఉంచి, అదే చోటు నుంచి నేల వరకు: 24½. ఇక్కడి పాత పద్ధతి ఈ రెండోదే. మోకరిల్లినప్పుడు అంచు నేలను తాకీ తాకనట్టు ఉండాలంటారు, సైన్యంలో అయితే నేలకు అంగుళం ఎత్తున ఉండాలంటారు. అంగుళం తీసేస్తే 23½. నిలబడ్డ లెక్కకూ దీనికీ అర అంగుళం తేడా. ఏది ఖాయం చేయాలో ఇప్పుడే తేల్చను.

ఆదివారం: దుప్పటి కిల్టు

గుడ్డ కొనకముందే నమూనా చేసి చూడటం నా అలవాటు. పాత కాటన్ దుప్పటిని చీల్చి, కుచ్చిళ్ళు లేకుండా నడుము చుట్టూ ఒకటిన్నర చుట్టు వచ్చేలా పిన్నులు పెట్టాను. ఎడమవైపు నుంచి వచ్చే పై పొర కుడి తుంటి మీద ముగియాలి. కింది అంచును కావాలనే పొడుగ్గా వదిలి, నీలం పెన్నుతో మూడు గీతలు గీశాను: చిప్ప నడుమ ఒకటి, చిప్ప పైఅంచు దగ్గర ఒకటి, దానికి అంగుళం పైన ఒకటి. ఒక్కో గీత దగ్గర మడిచి పిన్నులు పెట్టి, ముందు నుంచీ పక్క నుంచీ వెనక నుంచీ ఫోటోలు.

వాడు తల వంచి చూసుకుంటూ “ఇంకా కిందికి ఉందక్కా” అంటూనే ఉన్నాడు. వంగితే ముందు అంచు ఎవరికైనా కిందికే దిగుతుంది. కట్టుకున్నవాడు తన కిల్టు పొడవు తానే చూసుకోలేడు. నిటారుగా నిలబడి ఎదురుగోడ వైపు చూస్తుంటే ఇంకొకరు చూసి చెప్పాలి, లేదా ఫోటో చెప్పాలి. వెనక నుంచి చూస్తే లెక్క ఇంకా తేలిక: మోకాలి వెనక ముడత పడే గీత ఉంటుంది కదా, అంచు ఆ చోటికి వస్తే సరి. దాటి కిందికి వస్తే నడిచిన ప్రతిసారీ ఒరుసుకుంటుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో హైలాండ్ (స్కాట్లండ్ కొండ ప్రాంతం) దళాల సైనికులు కందకాల్లో కిల్టులతోనే ఉన్నారు. బురద పట్టి, గడ్డకట్టి, గట్టిపడిన అంచు మోకాలి వెనక చర్మాన్ని కోసేసేదట. పెళ్ళి మంటపంలో బురద ఉండదు కానీ, గజం 16 ఔన్సులు తూగే ఉన్ని తడిస్తే ఏమవుతుందో స్కాట్లండ్ జూన్ నెలను ఎరిగినవారు ఊహించుకోగలరు.

మేడ మెట్లు ఎక్కించి దించాను. కుర్చీలో కూర్చోబెట్టాను. మూడో గీత, అంటే చిప్పకు అంగుళం పైన ఉన్నది, కూర్చోగానే అనర్హమైపోయింది. అందరం ఏకగ్రీవంగా తల తిప్పుకున్నాం.

మిగిలినవి రెండు గీతలు. సాయంత్రం అమ్మ వీడియో కాల్‌లో చూసింది. “మోకాళ్ళు కనబడుతున్నాయి, ఇంకో రెండంగుళాలు దించవే” అంది. మోకాళ్ళు కనబడటానికే కదా అంటే ఒప్పుకోలేదు. “పెళ్ళికి వెళ్తున్నాడా, చేపలు పట్టడానికి వెళ్తున్నాడా?” తమ్ముడు మాత్రం ఫోన్లో ఎవరో నటుడి ఫోటో తీసి, మోకాలికి జానెడు పైన ఉన్న కిల్టు చూపించాడు. నేను వాడికి బ్రిటన్ రాజు నాలుగో జార్జి కథ చెప్పాను. 1822లో ఆయన ఎడిన్‌బరో వచ్చాడు. సంబరాలన్నీ నవలాకారుడు సర్ వాల్టర్ స్కాట్ చేతుల మీదుగా జరిగాయి. రాజుగారి హైలాండ్ వేషానికి 1,354 పౌండ్లు అయింది. అంత పోసి కుట్టించుకున్న కిల్టు మోకాళ్ళకు బాగా పైనే ఆగిపోయింది, స్థూలకాయం వల్ల కింద గులాబి రంగు మేజోళ్ళు తొడిగారు. ఉండేది కొద్దిరోజులే కాబట్టి ఎంత ఎక్కువ కనబడితే అంత మంచిదని ఒక దొరసాని చమత్కరించిందని చెప్పుకుంటారు. తర్వాత డేవిడ్ విల్కీ వేసిన చిత్రంలో ఆ గులాబి మేజోళ్ళూ లేవు, ఆ పొట్టా లేదు. ఆ చిత్రం ఎడిన్‌బరోలోని రాజభవనం హోలీరూడ్ ప్యాలెస్‌లో ఉంది. కొలత కుదరనివాళ్ళందరికీ విల్కీ దొరకడు.

మంగళవారం: పెద్దావిడ తీర్పు

ఫోటోలు చూపించాను. ఆవిడ ముందుగా మోకాలిని చూడలేదు, నడుము మీద పిన్నులు పెట్టిన చోటు చూశారు. “ఇక్కడ నిలుస్తుందా?” అన్నారు. ఆవిడ పద్ధతిలో పొడవు రెండో ప్రశ్న. నడుము దగ్గర నిలవని కిల్టుకు పొడవంటూ ఒకటి ఉండదు: ఉదయం ఒక పొడవు, భోజనం తర్వాత ఒకటి, నాట్యం అయ్యాక ఇంకొకటి. నడుము అర అంగుళం వదులైతే కిల్టు తుంటి మీదికి జారి అక్కడ ఆగుతుంది, మోకాలి దగ్గర రెండంగుళాలు పోతాయి. అద్దె కిల్టు ఫోటోలో జరిగింది అదే.

మా అర అంగుళం పేచీ కూడా అలాగే తేల్చారు. 23½ పెట్టమన్నారు. రోజంతా కట్టుకుని తిరిగితే, రాత్రి కేలీ (స్కాట్లండ్‌లో అందరూ కలిసి ఆడే) నాట్యాలు కూడా అయ్యాక, పట్టీలు కొంచెం సాగి అది ఎలాగూ 24కు దిగుతుంది. 24 పెడితే రాత్రికి చిప్ప దాటుతుంది. చిప్ప పైఅంచు, చిప్ప నడుమ: ఈ రెండింటి మధ్య ఎక్కడ ఉన్నా ఎవరూ వేలెత్తి చూపరు.

పై భాగానికి ఇంకో రెండంగుళాలు కలపాలి. నడుం పట్టీ బిగించే గీతకు పైన కిల్టు మరో రెండంగుళాలు పక్కటెముకల వైపు లేచి ఉంటుంది. దానివల్ల పైన వేసుకునే కోటుకూ కిల్టుకూ మధ్య చొక్కా కనబడదు. సైనికుల కిల్టులు ఇంకా ఎత్తుగా ఉంటాయి. మొత్తం 25½.

ఫిబ్రవరి చివర: గుడ్డ

టార్టన్, అంటే గళ్ళ నమూనా, ఎంపిక మీద ఎక్కువ సమయం పోనివ్వలేదు. మాకు వంశం టార్టన్ ఎక్కడిది? ఎవరైనా కట్టుకోగలిగినవి కొన్ని ఉన్నాయి, వాటిలో బ్లాక్ వాచ్ తీసుకున్నాం: ముదురు నీలం, ముదురు పచ్చ, మధ్యలో నలుపు. 18వ శతాబ్దంలో హైలాండ్స్‌లో కాపలాకు పెట్టిన దళాలది ఆ పేరు. నీలం కోటుకు బాగా నప్పుతుంది. రాత్రిపూట కుట్టేవాళ్ళకు మాత్రం శాపం. నల్లగీత పక్కన ముదురు నీలం గీతను దీపం కింద చూడటం ఏమిటో వారం తిరక్కుండానే తెలిసింది.

గుడ్డ నాలుగు గజాలు కొన్నాం. ఎనిమిది గజాల కిల్టుకు నాలుగు గజాలు ఎలా సరిపోతాయంటే, జోడు పన్నా గుడ్డను పొడవునా మధ్యకు చీల్చి, రెండు ముక్కలనూ ఒకదాని పక్కన ఒకటి కలుపుతారు. అతుకు ఒక కుచ్చిలి లోపల దాక్కుంటుంది. మాకు వచ్చిన గుడ్డ పన్నా 56 అంగుళాలు, చీలిస్తే చెరి 28. బరువు గజానికి 16 ఔన్సులు. అంటే నాలుగు గజాలు ఒక కిలో ఎనిమిది వందల గ్రాములు. తమ్ముడు చేతిలోకి తీసుకుని “ఇది నా నడుముకు కట్టాలా?” అన్నాడు. కట్టాలి. ఆ బరువే కుచ్చిళ్ళను కిందికి లాగి నిలబెడుతుంది. తేలికపాటి 10, 11 ఔన్సుల గుడ్డకు గాలి కొంచెం ఎక్కువ చనువు తీసుకుంటుంది.

గుడ్డ విప్పగానే చూడాల్సింది అంచు. కిల్టుకు కింద మడిచి కుట్టడం ఉండదు. మగ్గం మీద నేసిన అంచే కిల్టు అంచు. దారాలు పోకుండా, మందం లేకుండా, శుభ్రంగా నేసి ఉండాలి. మడిచి కుట్టామంటే కుచ్చిలి కింద గట్టి మడత చేరి ఊగదు. లంగా అయితే కింద నాలుగంగుళాలు మడిచి దాచి, పిల్ల ఎదిగినకొద్దీ వదులుకుంటూ పోతాం. ఇక్కడ ఆ వెసులుబాటు లేదు. అంచు నుంచి పైకి కొలిచి, తగ్గించాల్సింది ఎంతైనా పై నుంచే కత్తిరించాలి. అందుకే మోకాలి దగ్గర పడిన పేచీ అంతా చివరికి నడుము దగ్గర కత్తెరలో తేలింది. అంచు నుంచి 25½, కుట్టుకు అర అంగుళం, మొత్తం 26 దగ్గర సుద్దగీత. పైన మిగిలిన రెండంగుళాల పీలిక నడుంపట్టీకి.

రెండో ముక్కను తిప్పి పెట్టాలి, ఎందుకంటే దాని అంచు అవతలి వైపు ఉంటుంది. బ్లాక్ వాచ్ గళ్ళు అటు నుంచి చూసినా ఇటు నుంచి చూసినా ఒకటే కాబట్టి ఇబ్బంది లేదు. రెండు ముక్కల అంచుల మీదా ఒకే గీత పడిందో లేదో కిటికీ దగ్గర పెట్టి చూశాను. పడింది.

మార్చి: లెక్కలు

పంచెకు కుచ్చిళ్ళు ముందుంటాయి, పెట్టేది చేతి అలవాటు, రోజుకో రకంగా వచ్చినా అడిగేవాడు లేడు. పాతకాలపు హైలాండ్ దుప్పటి వేషం కూడా అంతే: పెద్ద గుడ్డను నేల మీద పరిచి, మడతలు పెట్టి, దాని మీద పడుకుని, నడుముకు తోలుపట్టీ బిగించి లేచేవారు. కొలతలు లేవు, కుట్లు లేవు. 18వ శతాబ్దం మొదట్లో కింది సగం విడిపోయి చిన్న కిల్టు అయింది, ఆ శతాబ్దం చివరికి వెనక కుచ్చిళ్ళు కుట్టేయడం మొదలైంది. దర్జీకి పనీ, నాకు ఈ తలనొప్పీ అక్కడి నుంచే వచ్చాయి.

చుట్టుకొలతను సగం సగం పంచాలి. ముందు నునుపుగా ఉండే ఏప్రన్‌కు సగం, వెనక కుచ్చిళ్ళకు సగం. సీటు 40 కాబట్టి చెరి 20. నడుము 36 కాబట్టి చెరి 18. గళ్ళ నమూనా ఒకసారి పూర్తిగా తిరిగి రావడానికి ఈ గుడ్డలో ఏడున్నర అంగుళాలు పడుతుంది. కుచ్చిళ్ళను రెండు రకాలుగా పెట్టవచ్చు. ప్రతి కుచ్చిలి మీదా ఒకే గీత వచ్చేలా పెడితే సైనిక పద్ధతి, వెనకంతా నిలువు చారలుగా కనబడుతుంది. రెండోది గళ్ళ పద్ధతి: ఒక్కో కుచ్చిలి నమూనాలో తర్వాతి ముక్కను చూపించి, వెనకవైపు కూడా విడిగుడ్డ లాగే గళ్ళు కొనసాగుతాయి. తమ్ముడు రెండోది కోరాడు. కుట్టేవాళ్ళ సుఖదుఃఖాలు వాడికేం తెలుసు.

24 కుచ్చిళ్ళు. 20 అంగుళాలను 24తో భాగిస్తే ఒక్కోటి సీటు దగ్గర 21 మిల్లీమీటర్లు. నడుము దగ్గర 18ని భాగిస్తే 19 మిల్లీమీటర్లు. గళ్ళు కొనసాగాలంటే ఒక్కో కుచ్చిలికి ఏడున్నర అంగుళాలతో పాటు పైకి కనబడే ఆ 21 మిల్లీమీటర్లు కూడా పడతాయి, అంటే 8⅓ అంగుళాలు. మొత్తం 200 అంగుళాలు, అయిదున్నర గజాలకు పైనే. మిగిలిన గుడ్డలో రెండు ఏప్రన్లు, వాటి పక్కన ఉండే లోతైన మడతలు. సరిపోతుంది, మరీ ధారాళంగా కాదు.

ఇందులో నన్ను కూర్చోబెట్టి ఆలోచింపజేసింది ఆ రెండు మిల్లీమీటర్లు. ఒక కుచ్చిలి సీటు నుంచి నడుముకు చేరేసరికి సన్నబడాల్సింది అంతే. కంటికి ఆనదు. 24 చోట్ల కలిస్తే రెండంగుళాలు, నడుముకూ సీటుకూ ఉన్న తేడాలో వెనకవైపు వాటా మొత్తం. ప్రతి కుచ్చిలి దగ్గరా చెయ్యి ఒక మిల్లీమీటరు ధారాళమైతే కిల్టు దాదాపు అంగుళం వదులు. అద్దె దుకాణంలో ఫలానా సైజు అని ఇచ్చేదానికీ, ఒకరి కోసం కుట్టినదానికీ తేడా ఎక్కడుందంటే ఈ రెండు మిల్లీమీటర్లలో ఉంది.

మార్చి చివర: కుట్టు

గడియారాలు ముందుకు జరిగాయి. సాయంత్రాలు కిటికీ దగ్గర వెలుతురు ఉంటోంది, దీపం కింద కళ్ళు పొడుచుకునే బాధ తప్పింది.

పని ఇలా సాగుతోంది. కుచ్చిలి మడిచి, ముందటి కుచ్చిలి మీద ఆనించి, గీతకు గీత కలిపి, తర్వాత తీసేసే పొడుగు కుట్లతో నిలబెడతాను. ఆ తర్వాత అసలు కుట్టు, గుడ్డ మంచివైపు నుంచే. సూది కింది కుచ్చిలిలోకి నిట్టనిలువుగా దిగి, లోపల మూడు మిల్లీమీటర్లు నడిచి, పైకి వచ్చి, పై మడత అంచులో రెండంటే రెండు పోగులు పట్టుకుని మళ్ళీ దిగాలి. దారం గుంజితే కుట్టు మాయమవుతుంది. మరీ గుంజితే అక్కడ చిన్న గుంట పడుతుంది, ముదురు రంగైనా వెలుతురు పక్క నుంచి పడితే కనిపిస్తుంది. సీటు గీత నుంచి నడుము వరకు 8 అంగుళాలు, పైన రెండు, మొత్తం పది. ఒక్కో కుచ్చిలికి ఎనభై పైచిలుకు కుట్లు, అన్నిటికీ కలిపి రెండు వేలు. పైన ఉన్న ఆ రెండంగుళాలలో మాత్రం సన్నబడటం ఆగి మళ్ళీ పిసరంత వెడల్పు కావాలి, పక్కటెముకలు నడుము కంటే వెడల్పు కదా.

ఎనిమిది అంగుళాల దగ్గర కుట్టు ఆగడం ముఖ్యం. పొడవులో మూడో వంతు కుట్టు, మిగిలిన రెండు వంతులు స్వేచ్ఛ. కుట్టు సీటు గీత దాటి కిందికి పోతే వెనక రేకు కట్టినట్టు బిగుసుకుంటుంది, నడిచేటప్పుడు ఊగదు. పైనే ఆపేస్తే వెనకభాగం మీద కుచ్చిళ్ళు తెరుచుకుంటాయి. పొట్టివాడి కిల్టును పొడుగువాడు కట్టుకుంటే అంచు ఒక్కటే కాదు, ఈ కుట్టు ఆగే చోటు కూడా తప్పుతుంది. సైజు చీటీ మీద అది ఎవరూ రాయరు.

ఏప్రిల్ మొదట్లో ఒక పూట

ఎనిమిది కుచ్చిళ్ళు పూర్తి. మొత్తం అయ్యాక కొలిస్తే చేసేదేమీ ఉండదని పెద్దావిడ మూడో వంతు దగ్గరే టేపు పెట్టించారు. నడుము దగ్గర 152 మిల్లీమీటర్లు ఉండాలి, ఉంది. సీటు దగ్గర 168కి 167. “వెళ్ళి టీ పెట్టు” అన్నారు. ఆవిడ మెచ్చుకోలు అలాగే ఉంటుంది.

ఏప్రిల్ చివర: కత్తెర

వెనకభాగం కుట్టు అయింది. తిప్పి చూస్తే లోపల కొండంత గుడ్డ. నడుము దగ్గర పొర మీద పొర పేరుకుని మందంగా ఉంది, అలాగే వదిలితే 36 నడుము 38 అవుతుంది. చాలామంది కుట్టేవాళ్ళు ఈ దశలో లోపలి మడతల పైభాగాన్ని కత్తిరించి తీసేస్తారు. కొందరు ముట్టుకోరు, ఎప్పుడైనా విప్పి కొత్తగా కుట్టుకోవచ్చని. కత్తెర ఒక పొర ఎక్కువ లోతుగా వెళ్తే మాత్రం ముందువైపు కుట్లన్నీ వృథా. నాకు కత్తిరించడమే సబబు అనిపించింది, ఎందుకంటే మా వాడి నడుము విషయంలో నాకు అదనపు మందం భరించే శక్తి లేదు. ప్రతి పొరనూ ఎడమచేతి రెండు వేళ్ళ మధ్య విడదీసి పట్టుకుని, అవతలి పొర తగలడం లేదని తెలిశాకే కత్తెర మూశాను.

కోసిన చోట బలం పోతుంది. కుచ్చిళ్ళ మీద పడే లాగుడంతా లోపల అడ్డంగా వేసే గట్టి కాటన్ పట్టీ మోస్తుంది, దాని మీద కాన్వాసు, దాని మీద లైనింగు. పట్టీ సరిగ్గా బిగించకపోతే కట్టుకున్న మొదటి గంటలోనే భారం చేతికుట్ల మీద పడి కుచ్చిళ్ళు విచ్చుకుంటాయి. పట్టీ కొలత కుచ్చిళ్ళ కంటే ఒక్క పిసరు తక్కువ ఉండాలని పెద్దావిడ సలహా. అలాగే చేశాను.

మే: కట్టి చూడటం

తోలు పట్టీలు, బకిళ్ళు బిగించాక మొదటిసారి కట్టాం. లోపలి ఏప్రన్ కుడి నుంచి వచ్చి ఎడమ తుంటి దగ్గర ముగుస్తుంది, దాని పట్టీ అక్కడి చీలిక గుండా బయటికి వచ్చి ఎడమ బకిలులో పడుతుంది. పై ఏప్రన్ ఎడమ నుంచి వచ్చి కుడివైపు రెండు పట్టీలతో ముగుస్తుంది. నడుము దగ్గరి రెండు పట్టీలే భారం మోసేవి. కుడి కింది పట్టీ సీటు దగ్గర ఉంటుంది, ఏప్రన్ ఎగరకుండా ఆపడమే దాని పని. తమ్ముడు దాన్ని కూడా బలం కొద్దీ బిగించాడు. వెంటనే ముందుభాగంలో అడ్డంగా ముడతలు, వెనక కుడి చివరి కుచ్చిలి నోరు తెరిచింది. ఒక రంధ్రం వదిలితే రెండూ పోయాయి. కిల్టు సరిపోయిందా లేదా చూడటానికి నేను ఇప్పుడు మొదట చూసేది ఆ చోటే. కుట్టు ఆగిన గీత దగ్గర కుచ్చిళ్ళు మూసుకుని నిటారుగా దిగితే సీటు సరిపోయినట్టు. ముందు ఏప్రన్ కుడి అంచు కిందికి వచ్చేసరికి బయటికి తన్నినా లోపలికి దూరినా సీటు కొలత తప్పినట్టు. మాది నిలువుగా దిగింది.

అంచు ఎత్తు నాలుగు వైపులా నేల నుంచి స్కేలుతో చూశాను. ముందు కంటే వెనక పావు అంగుళం కింద ఉంది. గుడ్డ తప్పు కాదు, వాడు వెనక పట్టీని కిందికి దించి కట్టుకుంటున్నాడు. ఇన్నేళ్ళ జీన్సు అలవాటు. వెనక పైకి లాగి, బొడ్డు ఎత్తున సమంగా బిగిస్తే సరిపోయింది. కట్టుకోవడం కూడా సాధన చేయాలని చెప్పాను, రోజూ పది నిమిషాలు.

మేజోళ్ళతో కలిపి చూస్తేనే పొడవు సంగతి పూర్తిగా తేలుతుంది. ఉన్ని మేజోళ్ళ మడత మోకాలిచిప్పకు మూడు వేళ్ళ కింద ఆగాలి. ఆ మడతకూ కిల్టు అంచుకూ మధ్య కనబడే ఖాళీ మీద ఆధారపడి మనిషి పొడుగ్గానో పొట్టిగానో అనిపిస్తాడు. మావాడు మేజోళ్ళను చిప్ప దాకా లాగి, కిల్టు పొడుగైపోయిందని మళ్ళీ మొదలుపెట్టాడు. మేజోళ్ళు దించాను, కిల్టు పొట్టిదైపోయింది. 23½ అలాగే ఉంది.

మే చివరి ఆదివారం

లైనింగు చుట్టూ కుట్టు అయింది. బెల్టు లూపులు రెండూ వెనక పెట్టాను. కుడి అంచున పోగులు లాగి కుచ్చులా వదిలాను. తడి కాటన్ గుడ్డ పైన వేసి, ఇస్త్రీపెట్టెను జరపకుండా ఎత్తి పెడుతూ, ఒక్కో కుచ్చిలినీ అంచు దాకా అదిమాను. కుచ్చిళ్ళ కింద ఉన్న పొడుగు కుట్లు మాత్రం తీయలేదు, పెళ్ళినాటి పొద్దున తీస్తాను, అప్పటిదాకా మడతలు చెదరవు.

మిగిలినవి చిన్న పనులు. కిల్టు పిన్ను పై ఏప్రన్ ఒక్కదానికే గుచ్చాలి, రెండు పొరలకూ కలిపి గుచ్చితే కూర్చున్నప్పుడు గుడ్డ చిరుగుతుంది. స్పోరన్, అంటే కిల్టు ముందు వేలాడే సంచి, దాని గొలుసు పొడుగ్గా ఉంది, రెండు కడియాలు తీయించాలి. బెల్టు బకిలుకు అరచేయి వెడల్పు కిందికి అది వేలాడాలి, ఇప్పుడు తొడలను కొడుతోంది. కూర్చునేటప్పుడు వెనక చేయి వేసి కుచ్చిళ్ళు సర్దుకోవడం వాడికి ఇంకా అలవాటు కాలేదు, వంటింట్లో ఎత్తు కుర్చీ మీద సాధన నడుస్తోంది.

ఈ మధ్యాహ్నం కొత్త కోరిక వచ్చింది: ఫోను పెట్టుకోవడానికి లోపల ఎక్కడైనా ఒక చిన్న జేబు కుట్టగలనా అని. కుట్టను. అందుకే కదా స్పోరన్ ఉన్నది.